పెడ్రోకి ఓటు, నెపోలియన్‌కి చప్పట్లు

బడి ఆడిటోరియం నిండా పిల్లలు. క్లాస్ ప్రెసిడెంట్ ఎన్నిక. వేదిక మీద ఇద్దరే అభ్యర్థులు. ఒకరు సమ్మర్ వీట్లీ. తెల్లమ్మాయి, అందగత్తె, బడి మొత్తానికీ తెలిసిన పేరు. రెండోవాడు పెడ్రో సాంచెజ్. ఆ ఏడే బడిలో చేరిన మెక్సికన్ అబ్బాయి. మీసం ఉంది, మాట మెల్లగా వస్తుంది, ముఖంలో ఏ భావమూ కదలదు. తన వంతు వచ్చినప్పుడు నాలుగు ముక్కలు మాట్లాడతాడు. మా ఊరి పుణ్యపురుషుల బొమ్మలు బడి వరండాల్లో పెడితే కాపలాగా ఉంటాయి, అదృష్టం కూడా వస్తుంది అంటాడు. నాకు ఓటేస్తే మీ కలలన్నీ నిజమవుతాయని చెప్పి ఆపేస్తాడు. చప్పట్లు అంతంత మాత్రమే.

ప్రసంగం తర్వాత ప్రతి అభ్యర్థీ ఒక ప్రదర్శన కూడా ఇవ్వాలని అతనికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. పెడ్రో దగ్గర ఏమీ లేదు. అప్పుడు అతని తెల్ల స్నేహితుడు నెపోలియన్ ఒక క్యాసెట్ ఇచ్చి పాట పెట్టించి, ఖాళీ వేదిక మీదికొచ్చి డాన్స్ చేస్తాడు. హాలంతా లేచి నిలబడుతుంది. పెడ్రో గెలుస్తాడు.

2004లో వచ్చిన ‘నెపోలియన్ డైనమైట్’ సినిమా పతాక సన్నివేశం ఇది. మొదటిసారి యూనివర్సిటీ హాస్టల్ గదిలో, ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ ఆరుగురం కూర్చుని చూశాం. అందరం పడీపడీ నవ్వాం. సినిమా అయ్యాక మా జూనియర్ ఒకడు అడిగాడు: “అన్నా, గెలిచింది పెడ్రోనా, నెపోలియనా?” ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఈ వ్యాసం దానికి జవాబు వెతికే ప్రయత్నం.

చిన్న ఊరు, చిన్న డబ్బు

దర్శకుడు జారెడ్ హెస్, ఆయన భార్య జెరూషా హెస్ కలిసి రాసిన కథ ఇది. ముందు ‘పెలూకా’ అనే నలుపు తెలుపు పొట్టి సినిమా తీశారు. పెలూకా అంటే స్పానిష్‌లో విగ్గు. తర్వాత దాన్నే పెంచి, హెస్ తాను చదువుకున్న ఊళ్లోనే, ఐడహో రాష్ట్రంలోని ప్రెస్టన్‌లో పూర్తి సినిమాగా తీశారు. ప్రెస్టన్ అప్పటికి ఐదు వేల జనాభా కూడా లేని ఊరు. 2003 వేసవిలో మూడు వారాల పైచిలుకు షూటింగ్ జరిగింది. ఖర్చు సుమారు 4 లక్షల డాలర్లు. హాలీవుడ్ లెక్కలో అది చిల్లర. ముఖ్యపాత్ర వేసిన జాన్ హెడర్‌కి మొదట ముట్టింది వెయ్యి డాలర్లేనని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. 2004 జనవరిలో సండాన్స్ చిత్రోత్సవంలో చూపించాక పెద్ద సంస్థలు కొనుక్కున్నాయి. చివరికి ప్రపంచవ్యాప్తంగా 4 కోట్ల 60 లక్షల డాలర్ల దాకా వసూలు చేసింది.

కథ అంటూ పెద్దగా ఏమీ లేదు. నెపోలియన్ పొడుగ్గా, నోరు సగం తెరుచుకుని, ఎప్పుడూ విసుగ్గా ఉండే కుర్రాడు. క్యాంటీన్‌లో పెట్టిన ఆలూ ముక్కల్ని తర్వాత తినడానికి ప్యాంటు జేబులో దాచుకుంటాడు. ఇంట్లో నాయనమ్మ, ముప్పై రెండేళ్లొచ్చినా పనిలేకుండా కంప్యూటర్ ముందు కూర్చునే అన్న కిప్, ఒక లామా. నాయనమ్మకి దెబ్బ తగిలితే అంకుల్ రీకో దిగుతాడు. ఆయన మనసు 1982 నాటి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ దగ్గరే ఆగిపోయింది. కాలేజీ ఫీజు కూడబెట్టడానికి ఇంటింటికీ తిరిగి కీచైన్లు అమ్మే డెబ్ అనే అమ్మాయి ఉంది. తర్వాత పెడ్రో వస్తాడు. ఎక్కడా ఇమడని ఈ ముగ్గురూ క్యాంటీన్‌లో ఒక బల్ల దగ్గర చేరడమే కథ.

ఈ సినిమా కొందరికి ప్రాణం, కొందరికి పరమ చిరాకు. ప్రసిద్ధ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగింటికి ఒకటిన్నర నక్షత్రాలే ఇచ్చాడు. ప్రేక్షకుల అభిరుచిని ముందే అంచనా కట్టే కంప్యూటర్ పద్ధతి కోసం నెట్‌ఫ్లిక్స్ పది లక్షల డాలర్ల పోటీ పెట్టినప్పుడు, అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టిన సినిమాల్లో ఇదొకటి. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో లెక్కకు అందలేదు.

ఇమడని వాళ్లు రెండు రకాలు

బడి హాస్యాల్లో ‘మిస్‌ఫిట్’ అన్న మాట చాలా తేలిగ్గా వాడేస్తారు. అద్దాల కుర్రాడు, లావుపాటి అమ్మాయి, నత్తి ఉన్నవాడు, నల్లవాడు, వలస వచ్చినవాడు, అందరూ ఒకే గంపలో పడతారు. కానీ నెపోలియన్, పెడ్రో ఒకే కారణంతో బయట లేరు.

నెపోలియన్ తన తీరు వల్ల బయట ఉన్నాడు. జుట్టు దువ్వుకుని, జేబులో ఆలూ ముక్కలు పెట్టుకోవడం మానేసి, నలుగురితో నవ్వుతూ మాట్లాడితే రేపే లోపలికి రాగలడు. అతని పేరు, రంగు, ఇల్లు, భాష అన్నీ ఆ ఊరివే. పెడ్రో ఎంత మర్యాదగా ఉన్నా బయటివాడే. అతన్ని బయట పెట్టింది అతని తీరు కాదు, పుట్టుక.

జాతి వివక్ష, కులం ఒకటి కావు. అమెరికాలో ఒక వలస కుటుంబం అనుభవించేదాన్నీ, ఇక్కడ తరతరాల అంటరానితనాన్నీ ఒకే త్రాసులో తూచలేం. కానీ ఈ రెండు రకాల బయటితనాల మధ్య తేడా మన విద్యార్థులకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తరగతిలో కొంచెం వింతగా ఉండే అగ్రకులపు అబ్బాయిని “వాడో టైపు” అంటారు. అదే తీరు మన పిల్లవాడిలో కనిపిస్తే “వాళ్లంతే” అంటారు. ఒకడి వింత ఒకడిదే. మనవాడి వింత మాత్రం కులం మొత్తానికి రాసిపెట్టేస్తారు.

ఐడహో అమెరికాలో బంగాళాదుంపలు అన్నిటికంటే ఎక్కువ పండించే రాష్ట్రం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో మొదలై 1964 దాకా నడిచిన బ్రసేరో పథకం కింద అమెరికా పొలాలకు లక్షలమంది మెక్సికన్ కూలీలను తెచ్చారు. వాళ్లలో ఐడహో దుంపల పొలాలకు వచ్చినవాళ్లూ ఉన్నారు. 2000 నాటి జనాభా లెక్కల్లో ఐడహోలో లాటినో జనం సుమారు 8 శాతం. సినిమా ఈ సంగతి ఒక్క ముక్క కూడా చెప్పదు. పెడ్రో కుటుంబం ఆ ఊరికి ఎందుకొచ్చింది, వాళ్ల నాన్న ఏం పని చేస్తాడు, మనకు తెలియదు. నెపోలియన్ మాత్రం కోళ్లఫారంలో రోజంతా చాకిరీ చేసి గంటకు డాలరు లెక్కన కూలి తెచ్చుకోవడం చూస్తాం. అతని జేబులో ఆలూ ముక్కలు మనకు కనిపిస్తాయి. ఆ ఆలుగడ్డల్ని తవ్వే చేతులు కనిపించవు.

ఉట్టి, తిండి, ‘గౌరవం’

అయినా సినిమాకి కళ్లు లేవని అనలేం. రెండు చోట్ల వివక్ష ఎలా మాట్లాడుతుందో చాలా కచ్చితంగా పట్టుకుంది.

మొదటిది పిన్యాటా సన్నివేశం. పిన్యాటా అంటే కాగితాలతో చేసిన బొమ్మలో మిఠాయిలు నింపి, వేలాడగట్టి, కర్రతో కొట్టి పగలగొట్టే మెక్సికన్ వేడుక. మన ఉట్టి కొట్టడం లాంటిదే. ప్రచారంలో భాగంగా పెడ్రో బృందం సమ్మర్ పోలికతో ఒక బొమ్మ చేసి పిల్లల చేత పగలగొట్టిస్తుంది. ప్రిన్సిపాల్ పెడ్రోని గదిలోకి పిలుస్తాడు. మీ జువారెజ్‌లో ఎలా నడుస్తుందో నాకు తెలియదు గానీ ఇక్కడ ఐడహోలో మాకు గౌరవం అనేదొకటి ఉంది అన్న అర్థంలో మందలిస్తాడు. బొమ్మను పగలగొట్టడం తప్పు అంటే అదొక మాట. ఆయన అక్కడ ఆగలేదు. తప్పును కుర్రాడి మీద కాక అతని ఊరి మీద, జాతి మీద వేశాడు. తిట్టు ఒక్కటి లేదు, గొంతు పెంచలేదు. అధికారం ఇలాగే మాట్లాడుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో దీని తర్జుమా మనకు కొత్త కాదు: “క్యాంపస్ వాతావరణం”, “డిసిప్లిన్”, “మెరిట్”. కులం పేరు ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సిన అవసరం పడదు.

రెండోది సమ్మర్ ఎన్నికల ప్రసంగం. వచ్చే ఏడు మీరు చిమిచాంగాలు తినాలనుకుంటున్నారా, నేనైతే తినను అంటుంది. చిమిచాంగా అంటే రొట్టెలో కూరో మాంసమో చుట్టి నూనెలో వేయించే వంటకం. ఆ పేరు కూడా ఆమె సరిగా పలకదు. హాలు నవ్వుతుందా లేదా అన్నది వేరే సంగతి. పెడ్రో విధానాల మీద విమర్శ లేదు, అతని అర్హత మీద ప్రశ్న లేదు. అతను గెలిస్తే అతని తిండి మన పళ్లెంలోకి వస్తుందన్న భయం ఒక్కటే చాలనుకుంది. అదీ జోకు రూపంలో.

ఈ జోకు దగ్గర మా గదిలో ఎవరూ నవ్వలేదు. మెస్‌లో ఎవరి పళ్లెంలోకి ఎవరు తొంగి చూస్తారో మాకు తెలుసు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత బహుజన విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు ఘర్షణలు జరిగాయి. అంతకు ముందు ఏళ్ల తరబడి నడిచినవి మాత్రం జోకులే. తిండి మీద వేసే జోకు ఎప్పుడూ తిండి దగ్గర ఆగదు. పళ్లెం ఎవరిది, బల్ల ఎవరిది, వంటగది ఎవరిది అన్న దాకా పోతుంది.

ఓటు ఎలా పడింది?

ఇప్పుడు మా జూనియర్ ప్రశ్న దగ్గరికొద్దాం.

సమ్మర్ బృందం బ్యాడ్జీలు పంచుతుంది. పెడ్రో వైపు చేత్తో అల్లిన కీచైన్లు, అతికించిన అక్షరాల టీషర్టు. మన దగ్గర 2006లో లింగ్డో కమిటీ సిఫారసులు వచ్చాక విద్యార్థి ఎన్నికల్లో అచ్చు పోస్టర్లు నిషేధం, చేత్తో రాసినవే వాడాలి, ఒక్కో అభ్యర్థి ఖర్చు ఐదు వేల రూపాయలు దాటకూడదు. కాగితం మీద ఇది పేద అభ్యర్థికి మేలు చేసే నిబంధనే. కానీ బ్యాడ్జీలు లాగేసుకున్నంత మాత్రాన సమ్మర్ బలం తగ్గదు. ఆమె బలం బ్యాడ్జీల్లో లేదు. ఆమె పక్కన నడిచేవాళ్లలో ఉంది, ఆమె పేరు పలికే తీరులో ఉంది. పోస్టర్ ఖర్చుకు పరిమితి పెట్టొచ్చు, కుల సంబంధాలకు పెట్టలేం.

పెడ్రోకి సొంత బలం అంటూ సినిమాలో ఒకటి కనిపిస్తుంది. బడిలో దెబ్బలు తినే పిల్లలకు పెడ్రో రక్షణ ఇస్తాడని నెపోలియన్ ప్రచారం చేస్తాడు. ఒక రోజు ఒక బక్క కుర్రాడిని ఇంకొకడు ఏడిపిస్తుంటే పెడ్రో బావలు కిందికి దించిన పాత కారులో వచ్చి ఆగుతారు. దిగరు, మాట్లాడరు. వద్దన్నట్టు తల ఊపుతారు. ఏడిపించేవాడు వెనక్కి తగ్గుతాడు. నాకు సినిమా మొత్తంలో ఇష్టమైన సన్నివేశం ఇదే. దెబ్బలు తినేవాళ్లందరూ ఒక వైపు చేరితే సమ్మర్ ఓడిపోతుందని సినిమా అక్కడ ఒక రాజకీయం చెప్పింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1993లో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ మొదలైనప్పటి నుంచి అక్కడి విద్యార్థులు చెబుతున్నదీ ఈ లెక్కే: విడివిడిగా అవమానాలు మోసేవాళ్లు ఒక్కచోట నిలబడాలి.

కానీ సినిమా ఆ దారిన కడదాకా నడవలేదు. ఆఖరి క్షణంలో ఫలితాన్ని నెపోలియన్ కాళ్లకు అప్పగించింది. ఆ డాన్స్ ఎంత గొప్పగా ఉన్నా, దాని ముందు పెడ్రో మాట్లాడిందంతా కొట్టుకుపోయింది. పుణ్యపురుషుల బొమ్మలు బడిలో పెట్టాలన్న కోరిక, అంటే నా ఇంటి దేవుడికి కూడా ఈ గోడల మీద చోటు కావాలన్న కోరిక, ఎవరి చెవికీ ఎక్కలేదు. మన గోడల మీద అంబేద్కర్ బొమ్మ కోసం ఎంత కొట్లాడాల్సి వచ్చిందో తెలిసినవాళ్లకు అది ఎంత పెద్ద కోరికో అర్థమవుతుంది.

ఇంకో మెలిక ఉంది. నెపోలియన్ ఆ డాన్స్ నేర్చుకున్నది నల్లజాతి డాన్స్ మాస్టారి పాఠాలున్న పాత వీడియో క్యాసెట్ నుంచి. వేదిక మీద మోగిన పాట క్యాసెట్ అతనికి ఇచ్చింది లఫాండా అనే నల్లజాతి స్త్రీ. కిప్‌కి ఇంటర్నెట్‌లో పరిచయమై డెట్రాయిట్ నుంచి బస్సులో వస్తుంది. మంచి మనిషి, ఆమెను సినిమా ఎక్కడా తక్కువ చేయదు. కానీ ఆమె రాకతో కిప్ మెడలో గొలుసు, తలకు గుడ్డ, హిప్‌హాప్ వేషం వచ్చి చేరతాయి, మనం నవ్వుతాం. అంటే మెక్సికన్ అబ్బాయి గెలుపుకి నల్లవాళ్ల అడుగులు, తెల్లవాడి దేహం కావలసి వచ్చాయి. చప్పట్లు ఆ దేహానికే పడ్డాయి. మన డప్పు దరువు సినిమా పాటలోకి వెళ్లాక ఎవరికి పేరొచ్చిందో గుర్తు చేసుకుంటే ఈ లెక్క కొత్తగా అనిపించదు.

నెపోలియన్ చెడ్డవాడని నేననను. అతను స్నేహితుడి కోసం పరువు పణంగా పెట్టాడు. డాన్స్ అయిపోగానే చప్పట్ల కోసం ఆగకుండా వేదిక దిగి పారిపోయాడు. తోడు నిలబడేవాడు ఎలా ఉండాలో అందులో కొంత ఉంది. లోటు కథ కట్టిన తీరులో ఉంది. పెడ్రో గెలవాలనుకుంది గానీ, అతని మాటతో గెలిపించే ధైర్యం దానికి చాల్లేదు.

ఏమీ కాకపోయే హక్కు

మరి ఈ సినిమాని మనం ఎందుకు చూడాలి? నా జవాబు ఇది. పెడ్రోకి సినిమా ఒకటి ఇవ్వలేదు, కానీ ఇంకొకటి ఇచ్చింది. అది మన పిల్లలకు తెర మీద దాదాపు ఎప్పుడూ దొరకనిది.

పెడ్రో చనిపోడు. ఎవరూ అతన్ని చెట్టుకు కట్టేయరు. అతను క్లాసు ఫస్టు కాడు, ఏడిపించే ప్రసంగం చేయడు, తన బాధ ఎవరికీ వివరించడు. తల వేడెక్కిందని గుండు గీసుకుని, తర్వాత సిగ్గుపడి విగ్గు పెట్టుకుంటాడు. సమ్మర్‌ని డాన్స్‌కి పిలవడానికి కేకు చేసి ఇస్తాడు, ఆమె కాదంటుంది, సరేనని డెబ్‌ని అడుగుతాడు. పెద్ద తెలివి లేదు, పెద్ద గాయం లేదు. మామూలు కుర్రాడు. లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఎఫ్రెన్ రామిరెజ్ ఆ పాత్రను ఎక్కడా జాలి అడగకుండా చేశాడు.

నాగరాజ్ మంజులే 2013లో తీసిన మరాఠీ సినిమా ‘ఫండ్రీ’ని దీని పక్కన పెట్టి చూడండి. అదీ బడికెళ్లే కుర్రాడి కథే, అక్కడా అందని అమ్మాయి మీద ఇష్టం ఉంది. కైకాడి కులపు జబ్యా, ఊరి పందిని పట్టడానికి కుటుంబంతో పరిగెడుతుంటే తోటి పిల్లలు గట్టున నిలబడి నవ్వుతారు. ఆ నవ్వే ఆయుధం. చివర జబ్యా విసిరిన రాయి కెమెరా మీదికి, అంటే మన మీదికి వస్తుంది. అది గొప్ప సినిమా, ఆ రాయి పడాల్సిందే. కానీ జబ్యాకి సరదాగా, తెలివితక్కువగా, పిచ్చి కేకు చేసుకుంటూ బతికే వయసు ఎక్కడుంది? అతని పద్నాలుగో ఏడుని కులం తినేసింది. అదే ఆ సినిమా చెప్పేది కూడా.

నేను చదివింది ప్రభుత్వ హాస్టల్లో ఉండి. తొమ్మిదో తరగతిలో లీడర్ ఎన్నికకు నిలబడతానని చెయ్యెత్తితే, మా సారొకాయన నవ్వుతూ, “ముందు లెక్కల్లో తొంభై తెచ్చుకో, తర్వాత చూద్దాం” అన్నారు. గెలిచిన అబ్బాయికి లెక్కల్లో నలభై. అతన్ని ఎవరూ అడగలేదు. ఆ రోజు నాకు అర్థమైంది ఏమిటంటే, ఇతరులు ఊరికే నిలబడొచ్చు, మనం మాత్రం ముందు రుజువు చేసుకోవాలి. ఇప్పుడు పీహెచ్‌డీ సెమినార్‌లో కూడా నేను ఒక్క తప్పు మాట అనకుండా ఉండటానికి రాత్రంతా చదువుతాను. నా పక్కవాడు ఏమీ చదవకుండా వచ్చి జోకేసి కూర్చుంటాడు. వాడికున్న ఆ సోమరితనపు హక్కే నాకు అసూయ.

ఆత్మగౌరవం అంటే అందరికంటే ముందు నిలబడటమే అని మనకు నేర్పారు. అది అవసరమే. కానీ సగటుగా ఉండి కూడా చిన్నచూపు పడకుండా ఉండగలగడం సమానత్వానికి ఇంకా పెద్ద పరీక్ష. మన పిల్లవాడు మొద్దుగా, వింతగా, నవ్వు పుట్టించేలా ఉండి, అది అతనొక్కడి తీరుగానే మిగిలిన రోజు బడి నిజంగా మారినట్టు.

ఆ సినిమా తీయడానికి కోట్లు అక్కర్లేదు. హెస్ జంట తమ ఊరినీ, తమ బడినీ, తెలిసిన ముఖాల్నీ నమ్ముకున్నారు. డాన్స్ చిత్రీకరించే నాటికి పది నిమిషాలకు సరిపడా ఫిల్ము మాత్రమే మిగిలిందని దర్శకుడు చెప్పుకున్నాడు. మన చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి, ఫిల్ము అయిపోయే భయం లేదు. సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో రాత్రి లైట్లు ఆర్పాక నడిచే హాస్యం ముందు ఏ రచయితా నిలవడు. ఉప్మా మీద జోకులు, వార్డెన్ నడక అనుకరణ, ఒకే జత బూట్లు నలుగురు మార్చుకున్న పెళ్లిచూపుల కథలు. అక్కడ మనం ఎవరి జాలికీ పాత్రులం కాదు, ఎవరికీ రుజువు చూపించం.

మా జూనియర్‌కి నేనిచ్చిన జవాబు: కాగితం మీద గెలిచింది పెడ్రో, హాల్లో గెలిచింది నెపోలియన్. వాడు కాసేపు ఆలోచించి, “అయితే మనం తీసేటప్పుడు పెడ్రోకే డాన్స్ పెడదాం అన్నా” అన్నాడు. ఇంకొకడు అడ్డుపడ్డాడు: “వాడికి డాన్స్ రాకపోతే?”

రాకపోయినా ఫర్వాలేదు. రాని డాన్స్ వాడే చేయనీ.